వాల్వు మార్చినవాళ్లకు ఐఎన్ఆర్ పరీక్ష దగ్గర్లోనే జరగాలి: ఒడిశా ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో కీళ్లవాత జ్వరం వచ్చి చిన్న వయసులోనే గుండె కవాటాలు (వాల్వులు) చెడినవాళ్లు ఇంకా ఉన్నారు. ఆపరేషన్ విశాఖలోనో కటక్‌లోనో అవుతుంది. చిక్కంతా ఇంటికొచ్చాకే. లోహపు వాల్వు పెట్టుకున్న మనిషి బతికినన్నాళ్లూ గడ్డకట్టనివ్వని మాత్ర వేసుకోవాలి. మాత్ర ఎక్కువైతే రక్తస్రావం, తక్కువైతే వాల్వు మీద గడ్డ. ఎంత వేసుకోవాలో తేల్చేది, రక్తం గడ్డకట్టడానికి మామూలు కంటే ఎంత ఎక్కువ సమయం పడుతోందో చూపే ఐఎన్ఆర్ పరీక్ష ఒక్కటే.

‘రక్తం పలచబడే మాత్ర’ అంటాం గానీ ఆ మాత్ర, అంటే వార్ఫరిన్, రక్తాన్ని పలచన చెయ్యదు. విటమిన్ కె సాయంతో కాలేయంలో తయారయ్యే 2, 7, 9, 10 నంబరు గడ్డకట్టు కారకాలకు అడ్డుపడుతుంది. వీటిలో ఏడోది సుమారు 6 గంటల్లో సగానికి పడిపోతుంది. గడ్డకు అసలు మూలమైన రెండోదానికి రెండున్నర, మూడు రోజులు పడుతుంది. అందుకే మాత్ర మొదలెట్టిన రెండో రోజే ఐఎన్ఆర్ పెరిగినట్టు కనబడినా నమ్మకూడదు, కనీసం 5 రోజులు గడ్డకట్టనివ్వని సూదిమందు హెపారిన్ కూడా నడవాలి. మోతాదు మార్చిన మర్నాడే పరీక్ష చేసి మళ్లీ మార్చడం కూడా ఇది తెలియక చేసే పనే.

గుండె ఎడమవైపు రెండు గదుల మధ్యనున్న మైట్రల్ స్థానంలో లోహపు వాల్వు ఉంటే ఐఎన్ఆర్ 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలోని అయోర్టిక్ స్థానంలో అయితే, వేరే ప్రమాదాలు లేనివాళ్లకు 2 నుంచి 3 చాలు. ఈ అంకె సరిగ్గా రావాలంటే మొదట రక్తం తీసేచోటే జాగ్రత్త పడాలి. నీలి మూత గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా ఆపే 3.2 శాతం సోడియం సిట్రేట్ 0.3 మిల్లీలీటర్లు ఉంటుంది, దానికి 2.7 మిల్లీలీటర్ల రక్తం పట్టాలి. నరం దొరక్క 2 మిల్లీలీటర్లతో సరిపెడితే మిగిలిపోయిన సిట్రేట్, పరీక్షలో కలిపే కాల్షియాన్ని పట్టేస్తుంది. గడ్డకట్టడం ఆలస్యమై ఐఎన్ఆర్ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. అది చూసి మాత్ర తగ్గిస్తారు. కొన్నాళ్లకు వాల్వు రెక్క బిగుసుకుంటుంది. సగం నిండిన గొట్టంతో మొదలైన తప్పు అక్కడ తేలుతుంది. గొట్టాన్ని మూడు నాలుగు సార్లు మెల్లగా తిరగెయ్యాలి గానీ ఊపకూడదు. శాంపిల్‌ని ఐసులో పెట్టి పంపడం మంచిదనుకుంటారు. ఈ పరీక్షకు అది చెరుపే, చలికి ఏడో కారకం చురుకవుతుంది. మూత తియ్యకుండా గది వేడిమిలో ఉంచితే 24 గంటల వరకూ పనికొస్తుంది. అంటే కాశీనగర్‌లో పొద్దున్న తీసిన రక్తాన్ని పర్లాకిమిడి ల్యాబులో మధ్యాహ్నం నిశ్చింతగా పరీక్షించవచ్చు.

రెండో తప్పు ల్యాబులో జరుగుతుంది. ప్రతి కంపెనీ రీఏజెంటుకూ (పరీక్షలో రక్తంలో కలిపే రసాయనం) దాని సున్నితత్వాన్ని చెప్పే ఐఎస్ఐ అనే అంకె ఉంటుంది. రోగి సమయాన్ని ఆరోగ్యవంతుల సమయంతో భాగించి, దాన్ని ఐఎస్ఐ ఘాతానికి పెంచితే ఐఎన్ఆర్ వస్తుంది. ఆరోగ్యవంతుల రక్తానికి 12 సెకన్లు, రోగి రక్తానికి 24 సెకన్లు పడితే, ఐఎస్ఐ 1.0 ఉన్నచోట ఐఎన్ఆర్ 2. అదే 1.4 ఉన్నచోట 2.6. రీఏజెంటు కొత్త లాటు (ఒక విడత సరుకు) వచ్చాక యంత్రంలో పాత ఐఎస్ఐ వదిలేస్తే రోజంతా ఇచ్చిన రిపోర్టులన్నీ తప్పే. లాటు మారినప్పుడల్లా కనీసం 20 మంది ఆరోగ్యవంతుల రక్తంతో సగటు సమయం కట్టుకోవాలి. టెండరులో ఏ నెలకానెల చవకైన రీఏజెంటు కొనే పద్ధతి ఇక్కడ కుదరదు. కనీసం ఏడాదికి ఒకే రకం ఇప్పించండి.

వేలి చుక్కతో చూసే చిన్న మీటర్లు మారుమూల ఆస్పత్రులకు మంచివే, కానీ చాలా స్ట్రిప్పుల్ని 30 డిగ్రీల లోపు ఉంచాలి. గుణుపురంలో మే నెల ఎండకు అల్మారాలో పెట్టిన స్ట్రిప్పులు ఏమవుతాయో చెప్పనక్కర్లేదు. మీటరు 4.5 దాటి చూపిస్తే నరం నుంచి తీసిన రక్తంతో సరిచూడాలి.

ఇక మందుల కొట్టు. సరిహద్దుకు అటూ ఇటూ తిరిగే రోగికి ఒకరు వార్ఫరిన్ రాస్తారు, ఇంకొకరు అదే పని చేసే ఎసినోకుమరాల్. వార్ఫరిన్ 5 మిల్లీగ్రాములకు బదులు రెండోది 5 మిల్లీగ్రాములిస్తే దాదాపు రెట్టింపు మోతాదు పడినట్టే. మెట్రోనిడజోల్, కోట్రైమాక్సజోల్, ఫ్లూకోనజోల్ అనే ఇన్ఫెక్షన్ మందులు ఐఎన్ఆర్‌ని పెంచుతాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్ బాగా దించేస్తుంది. ఆ కోర్సు ముగిశాక కొద్ది వారాల్లో ఐఎన్ఆర్ మళ్లీ పైకెగబాకుతుంది, మన టీబీ కార్డుల్లో దీనికో గడి లేదు. మునగాకు, తోటకూర మానెయ్యమనడం సలహా కాదు. రోజూ ఇంచుమించు అంతే తినమనాలి.

‘పరీక్ష అక్కర్లేని కొత్త మాత్రలున్నాయి కదా’ అని మీ అధికారులు అనవచ్చు. ఈ రోగులకు అవి పనికిరావు. లోహపు వాల్వులున్నవాళ్లకు ఆ కొత్త మాత్రల్లో ఒకటైన డాబిగాట్రాన్ ఇచ్చి చూసిన రీ-అలైన్ పరిశోధనను గడ్డలూ రక్తస్రావాలూ ఎక్కువయ్యాయని మధ్యలోనే ఆపేశారు, ఫలితం 2013లో వచ్చింది. కీళ్లవాతపు గుండెజబ్బుతో పాటు గుండె లయ తప్పినవాళ్ల మీద, మన దేశం కూడా పాల్గొన్న ఇన్విక్టస్ పరిశోధన 2022లో వెలువడింది. అందులో ఇంకో కొత్త మాత్ర రివరోక్సబాన్ కంటే పాత మాత్రే మేలని తేలింది.

మేం అడిగేవి పెద్దవి కావు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ఆస్పత్రుల్లో వారానికి రెండు నిర్ణీత రోజులు ఈ పరీక్ష జరగాలి, రిపోర్టు అదే పూట చేతికి రావాలి, మోతాదు చెప్పే నర్సు అక్కడే ఉండాలి. ఒడియా, తెలుగు రెండిట్లో ఒక కార్డు కావాలి: మాత్ర పేరు, వారం మోతాదు, రావాల్సిన ఐఎన్ఆర్, వచ్చిన ఐఎన్ఆర్. చదువురాని సవర, కువి కుటుంబాలకు మాత్ర రంగు బొమ్మ ఉండాలి. కార్డు వెనక ఒక్క మాట పెద్ద అక్షరాల్లో అచ్చెయ్యండి: వాల్వు టిక్కుటిక్కు చప్పుడు మందగించినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, మూతి వంకరపోయినా తెల్లారేదాకా ఆగొద్దు. బిగిసిన వాల్వుకు గడ్డ కరిగించే మందు నెమ్మదిగా ఎక్కించాలి, లేదా మళ్లీ ఆపరేషన్ చెయ్యాలి. రెండూ గంటలతో పని.

గర్భం వచ్చిన సంగతి తెలియగానే భయపడి మాత్ర మానేసే ఆడవాళ్ల కోసం వేరే వరస ఉండాలి. 6 నుంచి 12 వారాల మధ్య వార్ఫరిన్ బిడ్డకు చెరుపు, నిజమే. కానీ ఊరికే మానేస్తే తల్లి వాల్వు మూసుకుపోతుంది. నెల తప్పిన వారంలోపే ఆశా కార్యకర్త ఆమెను నిపుణుడి దగ్గరికి పంపేలా ఉత్తర్వు ఇవ్వండి, హెపారిన్ సూదులు జిల్లా ఆస్పత్రిలో నిలవ ఉంచండి.

ఇట్లు,
గజపతి, రాయగడ జిల్లాల నుంచి కొందరు వైద్యులు, ల్యాబ్ టెక్నీషియన్లు