మళ్లీ వైజాగ్ వెళ్లొచ్చా

2014 అక్టోబర్ 12న, హుద్‌హుద్ తుఫాను రోజు, హాస్టల్ గది తలుపుకి మంచం అడ్డం పెట్టుకుని కూర్చున్న బ్యాచ్ కదా మనది! పోయిన వారం మళ్లీ వెళ్లా. అప్పుడు బోడిగా మిగిలిన కైలాసగిరి ఇప్పుడు పచ్చగా ఉంది.

అసలు సంగతి వేరే. ఆర్కే బీచ్‌లో, సబ్‌మెరైన్ దగ్గర ముంత మసాలా కలుపుతున్న ఒక మామ్మ. తుఫాను మాట ఎత్తానో లేదో, "మద్దేన్నం గాలి ఆగిపోనాది బాబూ. అయిపోనాదనుకుని మా ఆయన ఎగిరిపోయిన రేకులు ఏరడానికెల్లాడు. అంతలో అటేపు నుంచి లేచింది మల్లీ" అంది. తుఫాను కన్ను, అంటే మధ్యలో గాలి లేని భాగం, ఊరి మీదుగా పోయిందని మనం తర్వాత పేపర్లో చదివాం, ఆవిడ చూసింది. ఆయన పక్కనే ఉల్లిపాయలు తరుగుతున్నాడు. "రేకు ఒక్కటీ దొరకలేదు" అన్నాడు, తలెత్తకుండా.

రెండో పొట్లానికి డబ్బులు తీసుకోలేదు.

ఆటో అన్నయితే, కరెంటు లేని ఆ రోజుల్లో పాల ప్యాకెట్ ఎంతకి కొన్నాడో చెప్పి మద్దిలపాలెం దాకా తిడుతూనే ఉన్నాడు. పదేళ్లు దాటినా కోపం తగ్గలేదు!

మామ్మ పేరు అడగడం మర్చిపోయా. డిసెంబర్‌లో ఎవరైనా వెళ్తుంటే చెప్పండి, బండి ఎక్కడుంటుందో లొకేషన్ పెడతా.