రాళ్లు చూశారు, గొర్రెలను మరిచారు

సంపాదకుడు గారికి,

దక్షిణ ఫ్రాన్స్‌లోని లార్జాక్ పీఠభూమి గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి. లా కూవెర్తొరాద్ కోట, టెంప్లార్లనే మధ్యయుగపు క్రైస్తవ యోధ సన్యాసుల కథ, అన్నీ ఉన్నాయి. కానీ అక్కడి ఊళ్లను ‘కాలం ఆగిపోయిన పల్లెలు’ అనడం మాత్రం సరికాదు.

మాది తాండూరు. నాపరాళ్ల మధ్య పెరిగినవాణ్ని కాబట్టి నా చూపు ముందు ఆ ఇళ్ల కప్పుల మీదే పడింది. అక్కడా సున్నపురాయి పలకలే. అంత బరువు మోయాలంటే దూలాలు కావాలి, ఆ పీఠభూమి మీదేమో కలపనిచ్చే పెద్ద చెట్లు తక్కువ. అందుకే రాతితోనే కమానులు కట్టి, పైన పలకలు పరిచారు. ‘జాస్’ అనే పాత గొర్రెల కొట్టాలు లోపల చూస్తే చర్చిలా ఉండేది ఇందుకే. వాన నీళ్లు రాతి పగుళ్లలోకి ఇంకిపోతాయి గనక, మందలు తాగడానికి అడుగున రాళ్లు పరిచి కుంటలు కట్టుకున్నారు. వాటిని ‘లవోన్య’ అంటారు.

ఇదంతా గొర్రెల కోసం పడ్డ పాటు. లకోన్ జాతి గొర్రెల పాలతోనే రోక్‌ఫోర్ చీజ్ చేస్తారు. పాలకు గిరాకీ ఉంది కాబట్టి మందలున్నాయి. మందలు మేస్తున్నాయి కాబట్టి ఆ గడ్డినేలలు తుప్పలు పట్టలేదు. 2011లో యునెస్కో, లార్జాక్ కూడా ఉన్న కోస్, సెవెన్ ప్రాంతాలను వారసత్వ జాబితాలో చేర్చింది కూడా మేత, సేద్యం కలిసి తీర్చిన నేలగానే.

మీ వ్యాసంలో బొత్తిగా కనబడనిది ఇంకొకటుంది. 1971లో ఫ్రాన్స్ ప్రభుత్వం అక్కడి సైనిక శిబిరాన్ని 3 వేల హెక్టార్ల నుంచి 17 వేలకు పెంచాలనుకుంది. భూమి ఇచ్చేది లేదని 103 మంది రైతులు సంతకాలు పెట్టారు. 1972లో గొర్రెలను పారిస్ తీసుకెళ్లి ఈఫిల్ టవర్ దగ్గర వదిలారు. మరుసటి ఏడాది లా బ్లాకియేర్‌లో అనుమతి లేకుండానే పెద్ద గొర్రెల కొట్టం మొదలుపెట్టారు, అదీ రాతితోనే. మద్దతుదారులు తమ పన్నులో 3 శాతం కట్టడం మానేసి ఆ డబ్బు దీనికి పంపారు. (తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ, నాకైతే ముచ్చటేసింది.) 1981లో మిత్తెరాన్ అధ్యక్షుడయ్యాక విస్తరణ రద్దయింది.

ఈసారి ఆ ప్రాంతం మీద రాయిస్తే లా బ్లాకియేర్ ఫొటో ఒకటి వేయించండి. కోట గోడలది ఒకటి తగ్గినా ఫర్వాలేదు.

– ఒక పాఠకుడు, తాండూరు