కోల్ట్ వాకర్ రివాల్వర్ కొనేముందు ఒకసారి పేల్చి చూడండి

ఈ నెల నుంచి షాపులో ఒక పద్ధతి మారుస్తున్నాను. బ్లాక్ పౌడర్ రివాల్వర్ (తూటా కాకుండా నల్లమందు, సీసం గుండు విడివిడిగా నింపి పేల్చేది) ఎప్పుడూ పేల్చనివాళ్ళు వచ్చి నేరుగా కోల్ట్ వాకర్ రెప్లికా, అంటే ఆ పాత తుపాకీకి నకలు, ఇవ్వమంటే ఇవ్వను. ముందు శనివారం మనవాళ్ళు వెళ్ళే రేంజ్‌కి రండి, అక్కడ మా అద్దె వాకర్‌తో ఒక సిలిండర్ (మందు, గుండ్లు పట్టే తిరిగే డ్రమ్ము) పూర్తిగా పేల్చండి, అప్పటికీ అదే కావాలంటే బిల్లు వేస్తాను. నాకు ఎక్కువ మిగిలేది ఆ మోడల్ మీదే, దాచడం ఎందుకు. అయినా కొన్న కొన్నాళ్ళకే "అన్నా, దీన్ని వెనక్కి తీసుకుంటావా" అని ఫోన్లు వస్తుంటే ఆ లాభం ఏం చేసుకోను?

మనం ఉండేది టెక్సాస్ కాబట్టి అందరి కళ్ళూ వాకర్ మీదే. టెక్సాస్ రేంజర్‌గా పనిచేసిన శామ్యూల్ వాకర్ సలహాలు తీసుకుని, మెక్సికోతో యుద్ధం నడుస్తుండగా 1847లో శామ్యూల్ కోల్ట్ తయారు చేయించిన తుపాకీ ఇది. అప్పటికి కోల్ట్‌కి సొంత ఫ్యాక్టరీ కూడా లేదు, కనెక్టికట్‌లో, పత్తి జిన్ కనిపెట్టిన ఎలై విట్నీ కొడుకు ఫ్యాక్టరీలో చేయించాడు, మొత్తం సుమారు 1,100 మాత్రమే. వాకర్ కూడా అదే ఏడాది అక్టోబర్‌లో యుద్ధంలోనే పోయాడు. కథ గొప్పదే, చేతిలోకి తీసుకుంటే ఇంకా గొప్పగా ఉంటుంది. కానీ బరువు నాలుగున్నర పౌండ్లు, బ్యారెల్ 9 అంగుళాలు. గుర్రం జీనుకు తగిలించుకోవడానికి చేసిన వస్తువు అది, నడుముకు కట్టుకోవడానికి కాదు. ఒంటిచేత్తో పట్టుకుంటే నాలుగో గుండుకే మణికట్టు వణుకుతుంది.

ఇంకో చిక్కు లోడింగ్ లివర్‌తో, అంటే సిలిండర్ అరల్లోకి (చాంబర్లలోకి) గుండు నొక్కే మీటతో. ఒక్కో చాంబర్‌లో 60 గ్రెయిన్ల (సుమారు 4 గ్రాముల) దాకా నల్లమందు పడుతుంది, అంత పోసి పేలిస్తే ఆ అదురుకి బ్యారెల్ కింది లివర్ ఊడి వేలాడుతుంది, దాని ర్యామర్ (గుండును నెట్టే కడ్డీ) చాంబర్‌లోకి దూరితే సిలిండర్ తిరగదు. ఆ రోజుల్లోనే తోలుతాడుతో కట్టుకునేవాళ్ళు. 1848లో వచ్చిన కోల్ట్ డ్రగూన్ అనే మోడల్‌లో సిలిండర్ పొట్టి చేశారు, లివర్ చివర గొళ్ళెం పెట్టారు, మందు 50 గ్రెయిన్లకు తగ్గింది. పెద్దదే కావాలని పట్టుబట్టేవాళ్ళకి నేను డ్రగూనే చూపిస్తాను, అదీ నాలుగు పౌండ్లు దాటుతుంది, అయినా పేల్చినవాళ్ళు తిట్టుకోరు. అద్దె వాకర్‌లో కూడా 40 దగ్గరే ఆపుతాం, 60 పోయమని అడగొద్దు.

మొదటిసారి కొనేవాళ్ళకి మాత్రం నా ఓటు 1858 రెమింగ్టన్‌కే. సిలిండర్ పైన పట్టీ (స్ట్రాప్) ఉన్న ఒకే ముక్క ఫ్రేమ్, పిన్ను లాగితే సిలిండర్ చేతిలోకి వస్తుంది. 1860 కోల్ట్ ఆర్మీ చేతిలో ఇంకా హాయిగా ఇముడుతుంది, కానీ దాని వెడ్జ్ (బ్యారెల్‌ని పట్టి ఉంచే చీల) కొట్టడం, బ్యారెల్ ఊడదీయడం కొత్తవాళ్ళకి విసుగు. రెండింటికీ 25, 30 గ్రెయిన్లు చాలు. ఇత్తడి ఫ్రేమ్‌వి ఇక తెప్పించను, ఎక్కువ మందుతో వాడితే ఫ్రేమ్ సాగిపోతుంది, చవక అని కొనడం తప్ప వాటిలో ఏముంది చెప్పండి.

గుండు సైజు అడగకుండా కొనకండి. .44 అని రాసి ఉన్నా కొన్నిటికి .451, కొన్నిటికి .454 అంగుళాల గుండు పడుతుంది. గుండు దిగేటప్పుడు అంచున సన్నటి సీసం రింగు ఊడి రావాలి, రాలేదంటే వదులుగా ఉన్నట్టే. వదులు గుండు, వదులు క్యాప్ (మందును అంటించే చిన్న టోపీ) రెండూ చైన్‌ఫైర్‌కి దారి, అంటే ఒకటి పేల్చితే పక్క చాంబర్లు కూడా పేలడం. మందుకీ గుండుకీ మధ్య గ్రీజు పట్టించిన వ్యాడ్ (మెత్తటి బిళ్ళ) పెట్టండి. మందు నిల్వ ఉంచే ఫ్లాస్క్ నుంచి నేరుగా చాంబర్‌లోకి పోయకండి, లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే చేతిలో ఫ్లాస్క్ మొత్తం అంటుకుంటుంది, వేరే కొలతలో తీసుకుని పోయాలి. స్మోక్‌లెస్ పౌడర్ (ఇప్పటి తూటాల్లో వాడే మందు) చిటికెడు కూడా వద్దు, దీని మీద నాతో వాదించేవాళ్ళకి అసలు తుపాకీయే అమ్మను.

వీసా మీద ఉన్నవాళ్ళు తరచుగా అడిగేది ఒకటుంది, "మేము ఇది కొనొచ్చా" అని. ఫిక్స్‌డ్ తూటాలు (మందు, గుండు ఒకే గొట్టంలో ఉండేవి) వాడని ఇలాంటి రెప్లికాలను ఫెడరల్ చట్టం యాంటిక్‌గా చూస్తుంది, మామూలు తుపాకీగా కాదు, నిజమే, కానీ రాష్ట్రాల చట్టాలు వేరు, తూటాలు పట్టే కన్వర్షన్ సిలిండర్ వేస్తే లెక్కే మారిపోతుంది. హెచ్1బీలో ఉంటే లాయర్‌ని అడిగి రండి, నా మాట మీద కొనొద్దు. ఇండియాకి పట్టుకెళ్ళే ఆలోచన మాత్రం అస్సలు పెట్టుకోకండి, అక్కడ ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా ఇది ఉంచుకోవడం నేరం.

పేల్చిన రోజే వేడినీళ్ళు, సబ్బుతో కడిగి, ఆరబెట్టి, నూనె రాయాలి. రాత్రంతా వదిలేస్తే మసి తేమ పీల్చుకుని తుప్పు మొదలవుతుంది. ఓపిక లేదంటే రేంజ్ నుంచి తిరిగొచ్చేటప్పుడు షాపులో ఇచ్చి వెళ్ళండి, కడగడానికి విడిగా డబ్బు తీసుకుంటాను, ఈ నెల నుంచి అదీ కొత్తే.