పరుగుకు ముందు కాదు, పరుగు అయినాక

ఎడిటర్ గారికి నమస్తే. మీ పేపర్లో వచ్చే ఫిట్‌నెస్ పేజీ నేను వదలకుండా చదువుతా, కానీ ఎప్పుడు చూసినా ఒకటే రకం ఫొటో, ఎవరో ఒకాయన కొత్త షూ వేసుకుని నేలమీద కూర్చుని కాలి బొటనవేలు పట్టుకుని వంగినట్ల, దానికింద 'రన్నింగ్‌కు ముందు' అని. ఆ ఫొటో గురించే ఈ ఉత్తరం.

నేను అనంతపురంలో ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు రోజూ వాకింగ్‌కు పోతా. నేను పోయేసరికే కానిస్టేబుల్‌కు ప్రిపేర్ అయ్యే పిల్లోళ్లు వచ్చేసింటారు. బైక్ స్టాండేసి, నిద్రమత్తు కూడా పోకముందే వరసగా కాళ్లు చాపి కూర్చుంటారు, వంగనోడి వీపుమీద ఇంకోడు చేతులు పెట్టి నొక్కుతాడు, రెండు నిమిషాలు అట్లే పట్టుకుని, లేసి డైరెక్టుగా వంద మీటర్లు ఫుల్ స్పీడు. మావాడు కూడా ఒక కోచింగ్ సెంటర్లో ఇట్లనే చేసి పోయిన చలికాలం సగం దూరం కూడా పోకముందే తొడ వెనక టప్‌మని పట్టేసి కూలబడినాడు. నెలన్నర పరుగు బంద్. ఫిజియో దగ్గరికి తీసుకపోతే ఆయన అడిగిన మొదటి మాట "వామప్ ఏం చేసినావప్పా?" అని. స్ట్రెచింగ్ చేసినా సార్ అన్నాడు మావాడు. "నేనడిగింది వామప్" అన్నాడాయన. నిజం చెప్పాలంటే నాక్కూడా అప్పటిదాకా రెండూ ఒకటే.

సాగదీసినందుకే కండ తెగిందని ఆయన అనలేదు, ఒళ్లు వేడెక్కకుండా ఒక్కసారిగా ఫుల్ స్పీడు పరిగెత్తినందుకు అన్నాడు. కూర్చుని సాగదీస్తే ఒళ్లు వేడెక్కదు. నిదానంగా పరిగెత్తితేనే కండకు రక్తం ఎక్కువ పోతాది, కండ లోపల వేడి పెరుగుతాది, కీళ్లు ఫ్రీ అయితాయి. ఇంకో సంగతి, ఒకే కండను నిమిషానికి మించి కదలకుండా సాగదీసి పట్టుకుంటే ఆ తర్వాత కాసేపు దాని బలం, స్పీడు రొవ్వంత తగ్గుతాయి. 100 మీటర్లు 15 సెకన్లలో కొట్టాల్సినోడికి ఆ రొవ్వంతే కదా కావాల్సింది!

మనూర్లో ఎండకే ఒళ్లు కాలిపోతాంటే మళ్లా వామప్ ఏందన్నా అని ఒక పిల్లోడు నన్నే అడిగినాడు. కాలేది చర్మం నాయనా, కండ కాదు. బండలాగుడు పోటీలకు ఎద్దుల్ని తెచ్చినోళ్లను చూడండి, లారీలోంచి దించిన వెంటనే కాడి కట్టరు, కాసేపు అటూ ఇటూ నడిపిస్తారు. ఎద్దుకున్న మర్యాద మన పిల్లోళ్ల కాళ్లకు లేకపాయె.

ఫుట్‌బాల్ వాళ్లు దీన్ని ఎప్పుడో పట్టుకున్నారు. ఫిఫా వాళ్లది '11 ప్లస్' అని ఒక వామప్ ఉంది, 20 నిమిషాలది, పరుగు, గెంతడం, ఒంటికాలి మీద నిలబడడం, తొడ వెనక కండకు బలం ఇచ్చేవి, అన్నీ కదిలేవే, కూర్చుని సాగదీసేది ఒక్కటి లేదు. నార్వేలో అమ్మాయిల టీముల్లో చేయించి చూస్తే మొత్తం దెబ్బలు మూడోవంతు దాకా తగ్గినాయని 2008లో ఒక పరిశోధన పత్రం వచ్చింది.

మావాడిప్పుడు చేసేది ఏమంటే, మొదట అయిదారు నిమిషాలు మాట్లాడుకుంటా పోయేంత నిదానంగా జాగింగ్, నుదుట సన్నగా చెమట వచ్చేదాకా. తర్వాత గోడ పట్టుకుని ఒక్కో కాలు ముందుకీ వెనక్కీ, పక్కలకీ ఊపడం, పెద్ద పెద్ద అంగలేసి మోకాలు వంచుతా నడవడం, మోకాళ్లు పైకి లేపి పరిగెత్తడం, మడమలు పిర్రలకు తగిలేట్ల పరిగెత్తడం. ఆఖర్న యాభై మీటర్లు మూడుసార్లు, ఒక్కోసారికీ కొంచెం స్పీడు పెంచుకుంటా. అంతా కలిపి పావుగంట. కూర్చుని కాళ్లు పట్టుకునేది ప్రాక్టీస్ అంతా అయినాక, ఒక్కోటి అర నిమిషం, నొప్పి రాకుండా, ఎవరూ వీపు నొక్కకుండా. దాంతో మర్నాడు ఒళ్లు నొప్పులు రావు అనుకునేరు, వస్తాయి, అది వేరే.

అసలు ఈవెంట్స్ రోజు, అంటే కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షల రోజు, ఇంకో తిరకాసు ఉంది. సర్టిఫికెట్లు చూసేది, ఎత్తూ ఛాతీ కొలిచేది అయ్యేలోపల ఎంతసేపు కూర్చోవాలో చెప్పలేం, పొద్దున వామప్ చేసినా, తర్వాత పావుగంటో ఇరవై నిమిషాలో కూర్చుంటే అది చాలావరకు చల్లారిపోతాది. 1600 మీటర్లు 8 నిమిషాల్లో అంటే అందరూ దానిగురించే భయపడతారు గానీ కండ పట్టేసేది ఎక్కువ తర్వాతొచ్చే వందలోనో, 3.80 మీటర్ల లాంగ్‌జంప్‌లోనో. కాబట్టి పేరు పిలిచే టైం దగ్గర పడతాందంటే లేసి నిలబడి, ఉన్నచోటే అయినా సరే, మోకాళ్లు లేపుతా కాళ్లు ఊపుతా ఉండండి, పక్కోడు నవ్వితే నవ్వనీ.

కోచింగ్ ఇచ్చే సార్లు కూడా మీ పేపర్ చదువుతారు, అందుకే రాస్తాండా. ఎడిటర్ గారూ, ఆ బొటనవేలు పట్టుకున్నాయన ఫొటో మళ్లా వేయండి, నాకేం అభ్యంతరం లేదు, కింద మాత్రం 'రన్నింగ్ అయినాక' అని మార్చండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, అనంతపురం