సహవాసం వార్షిక నివేదిక: వాక్యం విన్నాం, ఎదిగామా?

ప్రభువునందు ప్రియమైన సభ్యులందరికీ వందనాలు.

కిందటి సర్వసభ్య సమావేశంలో పెద్దలొకరు బైబిల్లోని హెబ్రీ పత్రిక (లేఖ) 5:12 చదివి వినిపించారు. ఈపాటికి బోధకులు కావలసినవాళ్లు ఇంకా పాలే తాగుతున్నారన్న, అంటే తొలి పాఠాల దగ్గరే ఉన్నారన్న మందలింపు అది. "మన సంగతేమిటి?" అని అడిగారాయన. ఈ ఏడాది పనంతా ఆ ప్రశ్న వెంటే నడిచింది.

బయటి ప్రసంగికుల కూటాలు తగ్గించి, యాకోబు పత్రిక 5 అధ్యాయాలనూ సభ్యులే వంతులవారీగా బోధించేలా ఏర్పాటు చేశాం. మొదట్లో చాలామంది "మావల్ల కాదు" అన్నారు. కొన్ని వారాలు చప్పగా సాగాయి, హాజరూ పడిపోయింది. అయినా బోధించడానికి కూర్చుని చదువుకున్నవారే ఎక్కువ నేర్చుకున్నారని కమిటీ అభిప్రాయం.

అన్నిటికంటే గట్టిగా తగిలింది 3వ అధ్యాయం, నాలుక గురించి. మన ప్రార్థన కూడికలో "ఫలానా వారింట్లో ఏవో గొడవలట, ప్రార్థించండి" అని మొదలయ్యేది. ప్రార్థన రెండు మాటలు, వివరాలు అరగంట. ఆ వారం ఒక సోదరి లేచి, "మా ఇంటి సంగతి నాకంటే ముందు మీ అందరికీ తెలిసిపోతోంది" అన్నారు. పాఠం అక్కడే ఆగిపోయింది. ఇప్పుడు సంబంధించిన వ్యక్తి ఒప్పుకుంటే తప్ప పేరు చెప్పకూడదని నియమం. విన్నపాలు సగానికి సగం తగ్గాయి గానీ, "నా కోపం కోసం ప్రార్థించండి" అని సొంత బలహీనతలు చెప్పుకునేవారు మొదలయ్యారు.

2వ అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకొచ్చిన మనిషికి మంచి చోటిచ్చి, పేదవాణ్ణి నిలబెట్టే సంగతి చదివాక, దాతలకు ముందు వరస కుర్చీలు కేటాయించే అలవాటు మానేశాం. కొందరు నొచ్చుకున్నారు. తీర్మానం మారదు.

కంఠస్థ వాక్యాల పోటీ ఇకపై పిల్లలకే. గలతీ పత్రిక 5:22, 23లో ఆత్మఫలానికి, అంటే దేవుని ఆత్మ మనిషిలో పండించే గుణానికి, చెప్పిన 9 లక్షణాల్లో జ్ఞాపకశక్తి లేదు కదా!

రోగులనూ విధవరాండ్రనూ పరామర్శించే పని క్రిస్మస్ వరకు బాగా జరిగి, తర్వాత మందగించింది. యువజన విభాగం దీన్ని చూసుకోవాలి. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

వచ్చే ఏడాది ఫిలిప్పీ పత్రిక. తానింకా సంపూర్ణ సిద్ధి పొందలేదని అపొస్తలుడైన పౌలు బంధకాల్లో (ఖైదులో) ఉండి రాసిన 3వ అధ్యాయానికి ఎక్కువ వారాలు కేటాయించాం. బోధించదలచినవారు నెలాఖరులోగా పేర్లు ఇవ్వగలరు. ఇంతవరకు వంతు తీసుకోనివారికి మొదటి అవకాశం.

ఇట్లు,
కార్యదర్శి