ఆ 108 కిలోమీటర్ల వేగం నిజానికి నడకే

సంపాదకులకు,

అయ్యా,

ఫైనలియర్ ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే జిల్లా పేజీల్లో ఒక ఫొటో తప్పదు. నలుగురు విద్యార్థులు, చేతిలో చిన్న కారు నమూనా, వెనక విండ్ టన్నెల్, అంటే నమూనా మీదికి గాలి వీచే సొరంగం లాంటి యంత్రం. గాలి నిరోధాన్ని ఇంత శాతం తగ్గించారని కింద వార్త. పిల్లల్ని మెచ్చుకోవాల్సిందే. కానీ మెకానికల్ ల్యాబుల్లో జీవితం గడిపిన నాకు ఆ శాతాలు చూస్తే గుండె గుబేలుమంటుంది.

నేను పనిచేసిన కాలేజీ టన్నెల్‌లో గాలి వెళ్లే దారి 30 సెంటీమీటర్ల చదరం. గాలి వేగం సెకనుకు 30 మీటర్లు, అంటే గంటకు 108 కిలోమీటర్లు. అందులో 24వ వంతు కారు బొమ్మ పెట్టి '108 కిలోమీటర్ల వేగంలో పరీక్షించాం' అని రిపోర్టు రాసేవారు. నమూనా ఎన్నో వంతైతే గాలి అన్ని రెట్ల వేగంతో వీస్తేనే అసలు కారు మీది ప్రవాహం వస్తుందని రేనాల్డ్స్ సంఖ్య (వేగాన్నీ పరిమాణాన్నీ కలిపి గాలి ప్రవాహ తీరును పోల్చే లెక్క) చెబుతోంది. ఆ లెక్కన వాళ్లు చూసింది గంటకు నాలుగున్నర కిలోమీటర్లు పోయే కారుని. పెళ్లి ఊరేగింపు కారు ఇంకాస్త వేగంగానే పోతుంది!

గాలి వేగం 24 రెట్లు పెంచుదామంటే అది ధ్వని వేగాన్ని దాటిపోతుంది. పోనీ బొమ్మను పెద్దది చేద్దామంటే, పదో వంతు కారు ఆ దారిలో దాదాపు నాలుగో వంతుకు అడ్డం పడుతుంది. ఈ అడ్డం అయిదు శాతం మించితే టన్నెల్ గోడల ప్రభావం అంకెల్లోకి చొరబడుతుంది. ఫార్ములా వన్ జట్లకే నిబంధనలు 60 శాతం నమూనా, సెకనుకు 50 మీటర్ల గాలి మించనివ్వవు. రేనాల్డ్స్ లెక్కలో అదీ అసలు కారు 108 కిలోమీటర్లకే సమానం. పైగా వాళ్ల నమూనా కింద నేల బెల్టులా పరుగెడుతుంది, చక్రాలు తిరుగుతాయి. మన బొమ్మకు చక్రాలు జిగురుతో అతికించి ఉంటాయి. గాలి నిరోధాన్ని చెప్పే అంకె, డ్రాగ్ కోఎఫిషియంట్, మాత్రం మూడు దశాంశాల దాకా!

తప్పు పిల్లలది కాదు. మా టన్నెల్ మోటారు తనిఖీ బృందం వచ్చిన రోజే తిరిగేది. మిగతా రోజుల్లో ఆ గదిలో పాత జవాబుపత్రాల కట్టలుండేవి. ఇప్పుడు కంప్యూటర్లో గాలి ప్రవాహాన్ని లెక్కగట్టి చూపే రంగుల బొమ్మలు వస్తున్నాయి కదా, టన్నెల్ ఎందుకంటున్నారు. ఆ రంగులు నిజమో కాదో తేల్చడానికే!

టన్నెల్‌లో సరైన ప్రయోగానికి ఖర్చు కూడా పెద్దగా లేదు. 1984లో పరిశోధకుడు అహ్మద్ బృందం జర్మనీలో పరీక్షించిన, కారుకు బదులుగా వాడే సరళమైన నమూనా 'అహ్మద్ బాడీ' చూడటానికి ముందు అంచులు గుండ్రం చేసిన చెక్క దిమ్మలాంటిది, పొడవు 1,044 మిల్లీమీటర్లు. దాన్ని అయిదో వంతుకు తగ్గిస్తే 21 సెంటీమీటర్లే, మా టన్నెల్‌లో అయిదు శాతానికే అడ్డం. ఊళ్లో వడ్రంగి చేసిపెడతాడు. వెనక వాలు ముక్కలు మారుస్తూ పోతే చాలు. 30 డిగ్రీల దగ్గర నిరోధం బాగా పెరిగి, ఆ తర్వాత హఠాత్తుగా పడిపోయిందని అహ్మద్ కొలతలు చెబుతున్నాయి. మన చిన్న దిమ్మ ఆ మలుపును ఎంతవరకు పట్టుకుంటుందో, పట్టుకోకపోతే ఎందుకో రాయడమే మంచి ప్రాజెక్టు.

విశ్వవిద్యాలయాలకు నా విన్నపం ఒక్కటే. ప్రాజెక్టు రిపోర్టులో డ్రాగ్ అంకె పక్కనే రేనాల్డ్స్ సంఖ్య, టన్నెల్‌లో నమూనా ఆక్రమించిన శాతం, నేల కదిలిందా లేదా అన్నదీ రాయనిదే మార్కులు వేయవద్దు. మీ విలేకరులు కూడా ఫొటో తీసే ముందు ఈ మూడూ అడిగితే సంతోషం.

ఇట్లు,
ఒక విశ్రాంత మెకానికల్ అధ్యాపకుడు,
కాకినాడ