వాడి పక్కన పెట్టిన అణు జలాంతర్గాములు ఎక్కడికి పోతాయి?

అణుశక్తి విభాగం కార్యదర్శి గారికి,

నమస్కారం. నేను చెన్నైలో స్థిరపడ్డ తెలుగువాణ్ణి, అత్తవారిది విశాఖ. మన అణు జలాంతర్గామి అరిహంత్ రియాక్టర్‌కు నమూనా నడిచిన కల్పాక్కం మాకు ఇటు, ఆ నౌకను కట్టిన విశాఖ అటు. గర్వంగానే ఉంది. కానీ 2016లో నౌకాదళంలో చేరిన అరిహంత్ రిటైరయ్యాక దాన్ని ఎక్కడ విప్పుతారు?

బ్రిటన్ 1980లో పక్కన పెట్టిన డ్రెడ్‌నాట్ అణు జలాంతర్గామి ఇంకా స్కాట్లాండ్‌లోని రోసైత్ రేవులోనే ఉంది. రష్యాలో ఇంకా ఘోరం. 2003 ఆగస్టులో పాత అణు జలాంతర్గామి కే-159ని విప్పడానికి లాక్కెళ్తుంటే బేరెంట్స్ సముద్రంలో మునిగింది. తొమ్మిది మంది పోయారు. రియాక్టర్లలోని వాడిన ఇంధనం ఇప్పటికీ సముద్రం అడుగునే ఉంది. అమెరికా అయితే ఇంధనం తీసేసి, రియాక్టర్ ఉన్న భాగాన్ని కోసి, సీల్ వేసి, బార్జీలమీద వాషింగ్టన్ రాష్ట్రంలోని హాన్‌ఫర్డ్ అణు కేంద్రానికి చేర్చి పెద్ద కందకంలో పెడుతోంది. అంత ఖాళీ జాగా మన తీరంలో ఎక్కడుందండీ?

అద్దెకు తెచ్చిన అణు జలాంతర్గామి చక్రను 2021లో రష్యాకు తిరిగిచ్చేశాం, గొడవ లేదు. సొంతవాటిని ఎవరికిస్తాం?

రక్షణ రహస్యాలేమీ అడగడం లేదు. విప్పే చోటు, పర్యవేక్షించే స్వతంత్ర సంస్థ, ఇప్పటినుంచే పక్కన పెడుతున్న డబ్బు: ఈ మూడూ పార్లమెంటులో చెప్పించండి చాలు.

ఇట్లు,
చెన్నై నుంచి ఒక పౌరుడు